ఒక తప్పు దిద్దితే 214 తప్పులు వచ్చాయి: మామగారి చేనేత పదాల ఎక్స్ఎంఎల్ ఫైలు

గుంటమగ్గం (చీరాల)

అందరికీ నమస్కారం. నేను చీరాలలో డీటీపీ పని చేస్తాను. పదహారేళ్లుగా శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఇవే నా పని. టైపింగ్ వేగంగా చేస్తాను, అచ్చుతప్పులు పోనివ్వను. ప్రోగ్రామింగ్ మాత్రం రాదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా మామగారికి 78 ఏళ్లు. పన్నెండో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టిన మనిషి. మోకాళ్లు సహకరించక మగ్గం దిగాక, తనకు తెలిసిన చేనేత మాటలన్నీ నోటుపుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. మూడు పుస్తకాలు నిండాయి. పడుగు, పేక, నాడె లాంటివి బయటివాళ్లకీ తెలుసు. వాటి వెనక వందల మాటలున్నాయి, మా పిల్లలు ఒక్కసారి కూడా విననివి. ఆయన ఉండగానే వీటన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టాలని నా ఆశ.

మొదట నాకు అలవాటైన అను ఫాంట్లలోనే కొట్టబోయాను. మా పెద్దమ్మ కొడుకు ఆపాడు. "అక్కా, ఆ ఫాంటు లేని చోట తెరిస్తే ఇది తెలుగే కాదు, ఇంగ్లీషు గుర్తుల కుప్ప. యూనికోడ్‌లో కొట్టి ఎక్స్ఎంఎల్‌గా దాచుకో, రేపు పుస్తకం వేసినా, వెబ్‌సైటు పెట్టినా అదే ఫైలు పనికొస్తుంది" అన్నాడు. ఎక్స్ఎంఎల్ అంటే, ఏ ముక్క ఏమిటో చెప్పే ట్యాగుల (కోణం బ్రాకెట్లలో పెట్టే పేర్ల) మధ్య మాటల్ని దాచే పద్ధతి. ఆ ట్యాగుల పేర్లు కూడా నాకోసం తెలుగులోనే పెట్టి, ఒక స్కీమా ఫైలు (ఏది ఎక్కడ, ఎలా ఉండాలో చెప్పే నియమాల ఫైలు) రాసిచ్చాడు. ఒక్కో మాటకు సంబంధించిన మొత్తాన్ని నిఘంటువుల వాళ్లు ఆరోపం అంటారట. మా ఫైల్లో ఒక ఆరోపం ఇలా ఉంటుంది:

```
<ఆరోపం గుర్తు="ప0417">
  <పదం>పడుగు</పదం>
  <వర్గం>నామవాచకం</వర్గం>
  <అర్థం>బట్టలో నిలువుగా సాగే పోగులు</అర్థం>
  <వాక్యం>పడుగు సాగదీసి కట్టారు.</వాక్యం>
  <ఊరు>చీరాల</ఊరు>
</ఆరోపం>
```

వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో రెడ్ హ్యాట్ వాళ్ల ఎక్స్ఎంఎల్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని పని చేస్తున్నాను. తప్పుంటే కింద ఎర్ర గీత వస్తుంది, కింద పెట్టెలో ఎన్ని తప్పులో అంకె కనిపిస్తుంది. నాలుగు నెలల్లో 1,140 ఆరోపాలు ఎక్కించాను. అంతకాలమూ ఆ అంకె 1 దగ్గరే ఉంది. ఫైలు మొదట్లో, మూడో ఆరోపంలో "పడుగు & పేక" అని కొట్టిన చోట ఒక్క ఎర్ర గీత. చివర్లో చూద్దాంలే అని వదిలేశాను.

మొన్న రాత్రి ఆ & తీసేసి "పడుగూ పేకా" అని మార్చాను. అంతే, 1 కాస్తా 214 అయింది. నాకు చెమటలు పట్టాయి. ఏదో నొక్కకూడనిది నొక్కి నాలుగు నెలల పని పాడు చేశానేమోనని ఒకటే టెన్షన్.

తెల్లవారుజాము దాకా కూర్చుని చూస్తే తప్పులు నాలుగు రకాలుగా కనిపించాయి. "పవర్‌లూమ్", "హ్యాండ్‌లూమ్" లాంటి మాటలకు, ఇది నమూనాకు సరిపోలేదని వస్తోంది. అవి తెలుగు అక్షరాలే కదా? "చిటికి కట్టడం" లాంటివాటికి 12 కంటే పొడుగుందని వస్తోంది. వేళ్ల మీద ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాకు ఏడే వస్తున్నాయి, మధ్య ఖాళీతో కలిపి. కొన్నిచోట్ల ఊరి పేరు జాబితాలో లేదంటోంది. అక్కడ ఉన్నది వేటపాలెం, జాబితాలోనూ వేటపాలెం ఉంది. ఇంక కొన్ని ఆరోపాల్లో వాక్యం దగ్గర గీత పెట్టి, ఇక్కడ అర్థం రావాలి అంటోంది. అర్థం దాని కిందే ఉంది!

తొందరలో ఒక పని చేశాను. "పవర్‌లూమ్"లో ర పొల్లుకీ లూకీ మధ్య కనపడని అక్షరమేదో ఉందని ఎక్కడో చదివి, ఫైలంతా వెతికి దాన్ని తీసేశాను. మాటలన్నీ "పవర్లూమ్", "హ్యాండ్లూమ్" అయిపోయాయి. 38 తప్పులు తగ్గాయి. తర్వాత "చిటికి కట్టడం"ని "చిటికికట్టు" అని కుదించాను. ఇంకో నాలుగు మాటలూ అలాగే చేశాక చెయ్యి ఆగిపోయింది. పొద్దున్నే మామగారికి ప్రింటు చూపిస్తే ఏమంటారు? నేను రాసింది ఇది కాదమ్మా అంటారు.

పాత ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంది. స్కీమా రాసిచ్చిన మా తమ్ముడికి కొత్త ఉద్యోగం, రాత్రి షిఫ్టు, ఫోన్ ఎత్తడం లేదు. నేను అడిగేది ఇదే. ఈ ఎర్ర గీతలు పోవాలంటే మాటల్నే మార్చుకోవాలా? ఈ పని చేసేవాళ్లంతా అలాగే చేస్తారా?

కోణం బ్రాకెట్టు (చెన్నై)

గుంటమగ్గం గారూ, ముందు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీని ఇంకోచోట కూడా దాచండి. కనపడని అక్షరం తీసేసిన ఫైలుని పక్కన పెట్టేయండి, దాని మీద ఇంక ఒక్క అక్షరం కూడా కొట్టొద్దు. ఏదీ పోలేదు. మీ నాలుగు నెలల పని భద్రంగా ఉంది.

నేను చెన్నైలో పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. పరిశోధన పత్రికల వ్యాసాలను జాట్స్ అనే ఎక్స్ఎంఎల్ పద్ధతిలోకి మార్చి, స్కీమాతో సరిచూసి పంపడం మా పని. మీకు వచ్చిన నాలుగు రకాల తప్పులూ నాకు బాగా పరిచయం.

1 ఎందుకు 214 అయిందో ముందు చెబుతాను. ఎక్స్ఎంఎల్ ఫైలు రెండు పరీక్షలు దాటాలి. మొదటిది రూపం: తెరిచిన ట్యాగు మూశారా, & లాంటి గుర్తుని ఉత్తినే వదిలేశారా. ఇందులో తప్పు దొరికితే పార్సర్ (ఫైలుని చదివే ప్రోగ్రాం) అక్కడితో ఆగిపోవాలి. 1998లో ఎక్స్ఎంఎల్ వచ్చినప్పుడే పెట్టిన నియమం అది. రెండోది స్కీమా పరీక్ష: ఏ ట్యాగు తర్వాత ఏది, ఏ పెట్టెలో ఏం ఉండొచ్చు. మీ & మూడో ఆరోపంలోనే ఉంది కాబట్టి, ఈ నాలుగు నెలలూ మీ ఎడిటర్ రెండు ఆరోపాలు చదివి ఆగిపోతోంది. తర్వాతి 1,137 ఆరోపాలను అది ఒక్కసారి కూడా స్కీమాతో పోల్చలేదు. మీరు & తీసేసి తలుపు తెరిచారు, లోపల ఎప్పటి నుంచో ఉన్నవి కనిపించాయి. ఇకముందు రూపం తప్పు ఒక్కటి కనిపించినా అప్పటికప్పుడే తీసేయండి, మిగతావి ఎన్ని ఉన్నా సరే.

వాక్యం దగ్గర గీత సంగతి. మీ తమ్ముడు ఆరోపం లోపల సీక్వెన్స్ పెట్టారు. అంటే పదం, వర్గం, అర్థం, వాక్యం, ఊరు, ఇదే వరుసలో రావాలి. వర్గం తర్వాత అర్థం కోసం చూస్తుంటే వాక్యం వచ్చింది, అందుకే గీత అక్కడ పడింది. కింది వరుసలో అర్థం ఉన్న సంగతి దానికి అనవసరం. ఎర్ర గీత ఎప్పుడూ పార్సర్ ఎక్కడ అడ్డం తగిలిందో చూపిస్తుంది. తప్పు చేసిన చోటు దానికి కాస్త పైనో కిందో ఉండొచ్చు. ఇంకోటి, ఒక ఆరోపంలో వరుస తప్పిందంటే ఆ ఆరోపంలో మిగిలిన వరుసను సాధారణంగా చూడదు. కాబట్టి ఒకటి దిద్దగానే అదే ఆరోపంలో ఇంకోటి బయటపడితే కంగారు పడకండి.

ఈ నియమం మాత్రం ఉంచండి. ముందు అర్థం, తర్వాత వాక్యం ఉంటేనే రేపు పుస్తకం చదివేవారికి సుఖం. ఏ వరుసలో ఉన్నా పరవాలేదనడానికి ఆల్ అనే మాట ఒకటి ఉంది గానీ, స్కీమా పద్ధతి 1.0 వెర్షన్‌లో దాని లోపల ఏ ట్యాగైనా ఒక్కసారికి మించి రాకూడదు. మీకు ఒక మాటకు రెండు మూడు అర్థాలు ఉంటాయి, కాబట్టి అది మీకు పనికిరాదు. వరుస తప్పినవి చేత్తోనే మార్చండి. సాయంత్రం పూట కూర్చుంటే రెండు రోజుల పని.

ఇప్పుడు అసలు సంగతి, "పవర్‌లూమ్". యూనికోడ్‌లో తెలుగుకి ఒక వాడ ఇచ్చారు, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా. మీ స్కీమాలో పదం అనే పెట్టెకి ప్యాటర్న్ (అక్షరాల నమూనా) ఉండి ఉంటుంది, అందులో ఇజ్‌తెలుగు అనే మాట కనిపిస్తుంది. ఆ వాడలో ఇల్లున్న అక్షరాలనే రానిస్తానని దాని అర్థం. ర పొల్లుని పొల్లుగానే నిలిపి, లకి ఒత్తు కాకుండా ఆపే ఆ కనపడని అక్షరం ఆ వాడలో లేదు. దాని ఇల్లు 200సీ దగ్గర, అన్ని భాషలకూ ఉమ్మడిగా ఉండే చోట. అందుకే తెలుగువాడు రోజూ రాసే మాట కూడా దానికి తెలుగులా కనిపించడం లేదు. తప్పు మాటది కాదు, నియమానిది.

మీ స్కీమా కూడా ఎక్స్ఎంఎల్ ఫైలే, అదే ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. ప్యాటర్న్ వరుసలో చదరపు బ్రాకెట్టు తెరుచుకునే చోట, దాన్ని ఆనుకుని ఇది చేర్చండి:

```
&#8204;
```

అది ఆ కనపడని అక్షరం అంకె. కచ్చితంగా తెరిచే బ్రాకెట్టు పక్కనే చేర్చండి. మూసే బ్రాకెట్టు ముందు హైఫన్ ఉందనుకోండి, దాని తర్వాత చేర్చితే హైఫన్ "ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా" అనే అర్థంలోకి మారిపోయి, ఇంకేవేవో అక్షరాలను లోపలికి రానిస్తుంది.

"చిటికి కట్టడం" మీరు లెక్కపెట్టినట్టు ఏడే: చి, టి, కి, ఖాళీ, క, ట్ట, డం. స్కీమా లెక్క వేరు. దానికి చ ఒకటి, గుడి ఒకటి. ట ఒకటి, గుడి ఒకటి. క ఒకటి, గుడి ఒకటి. ఖాళీ ఒకటి. తర్వాత క, ట, పొల్లు, మళ్లీ ట, డ, సున్నా. మొత్తం 13. అందుకే 12 దాటింది అంటోంది. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. 2001లో స్కీమా ప్రమాణం వచ్చినప్పుడే పొడుగును ఇలా కోడ్‌పాయింట్లలో (యూనికోడ్‌లో విడిగా అంకె ఉన్న ముక్కల్లో) కొలవాలని రాశారు. గుణింతం, ఒత్తులు ఉన్న లిపికి ఆ కొలబద్ద సరిపోదు. మీకు మ్యాక్స్‌లెంగ్త్ (పొడుగు హద్దు) వల్ల లాభమేముందో నాకు తోచడం లేదు. మాట పొడుగు ఎంతుండాలో నేసేవాళ్లు చెబుతారు, ఫైలు కాదు. ఆ వరుస తీసేయండి.

ఇక మీరు అడిగింది. మాటల్నే మార్చుకోవాలా అని. నేను ఈ పనిలో చేరిన మొదటి ఏడాది ఒక పత్రికకు వ్యాసం చేస్తున్నాను. వాళ్ల నియమం ప్రకారం ప్రతి రచయితకూ ఇంటిపేరు, సొంత పేరు రెండూ ఉండాలి. ఆ రచయిత తమిళాయన, ఆయనకు ఉన్నది ఒకటే పేరు. ఎర్ర గీత పోవాలి, సాయంత్రంలోగా ఫైలు వెళ్లాలి. పేరుని మధ్యకు విరిచి సగం ఇక్కడ, సగం అక్కడ పెట్టాను. పాస్ అయింది. వ్యాసం అచ్చయ్యాక ఆయన రాసిన ఉత్తరం మా టీమ్ లీడర్ నా ముందు పెట్టారు. నా పేరు ఇది కాదు, నన్ను ఎవరు వెతికినా ఇక దొరకను అని రాశారు ఆయన. ఆ రోజు నుంచి ఎర్ర గీత వచ్చిన ప్రతిసారీ ముందు ఒకటే చూస్తాను, తప్పు రాసినదానిలో ఉందా, నియమంలో ఉందా అని. నియమంలో ఉంటే నియమాన్ని మార్పించడానికి పోట్లాడతాను. మీకు పోట్లాట కూడా అక్కర్లేదు, స్కీమా మీ చేతిలోనే ఉంది.

చివరగా ఒకటి. ఒక నియమం మీరే కొత్తగా పెట్టండి. ఇప్పుడు అర్థం అనే పెట్టెలో ఏమీ రాయకుండా వదిలేసినా మీ స్కీమా ఒప్పుకుంటుంది. టోకెన్ అనే రకం (ముందూ వెనకా ఖాళీలను లెక్కలోకి తీసుకోనిది) మీద మిన్‌లెంగ్త్ (కనీస పొడుగు) 1 అని పెడితే, ఉత్తి పెట్టెలు ఎక్కడున్నాయో చెబుతుంది.

గుంటమగ్గం (చీరాల)

చదువుతుంటే ఏడుపొచ్చింది సార్, సంతోషంతో. నాలుగు నెలలూ రెండు ఆరోపాలే చదివిందా! "చిటికి కట్టడం" మళ్లీ కాగితం మీద విడదీసి రాసుకున్నాను, నిజంగానే 13 వచ్చాయి. డీటీపీలో ఇన్నేళ్లున్నా ఇలా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది రెండు చోట్ల దాచాను. వేటపాలెం సంగతి మాత్రం ఇంకా అర్థం కాలేదు.

నల్లతెర (విశాఖపట్నం)

వేటపాలెం నేను చెబుతా. ఆ తప్పు వచ్చిన వరుసలో ట్యాగు మూసే ముందు కర్సర్ పెట్టి, ఎడమ బాణం ఒకసారి నొక్కండి. కర్సర్ "ం" మీదికి రాకుండా ఉత్తి చోట కదిలితే, అక్కడ ఒక ఖాళీ ఉన్నట్టే. వర్డ్ నుంచి కాపీ చేసినప్పుడు తోకలా వచ్చేస్తుంది. స్కీమాలో ఊళ్ల జాబితాకి స్ట్రింగ్ రకం పెట్టి ఉంటే ఆ ఖాళీని కూడా అక్షరంగానే లెక్కేస్తుంది, అప్పుడు "వేటపాలెం" వేరు, తోకున్న "వేటపాలెం " వేరు. స్ట్రింగ్ తీసి టోకెన్ అని పెట్టండి. ముందూ వెనకా ఉన్న ఖాళీలు వదిలేసి పోల్చుతుంది.

ఇంకో అనుభవం. ఊరి పేరులో ఐత్వం ఉండి, చూడ్డానికి ఒకేలా ఉన్నా తప్పంటే, ఐత్వం రెండు రకాలుగా దాచుకోవచ్చని గుర్తుంచుకోండి. "ై" ఒకే ముక్కగా ఉండొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తుగా రెండు ముక్కల్లోనూ ఉండొచ్చు. కంటికి తేడా తెలియదు. అలాంటిచోట ఆ మాట చెరిపేసి మీ కీబోర్డుతో మళ్లీ కొట్టడమే సులువు.

మొత్తం ఫైలు ఒక్కసారి చూసుకోవడానికి ఎక్స్ఎంఎల్‌లింట్ అనే చిన్న పనిముట్టు ఉంది, ఉచితం. స్కీమా పేరు, ఫైలు పేరు ఇస్తే ఏ వరుసలో ఏ తప్పో వరసగా రాసేస్తుంది, దాన్ని ప్రింటు తీసుకుని పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ దిద్దొచ్చు. స్క్రీన్ మీద కిందికీ పైకీ పరుగెత్తే అవసరం ఉండదు. అది 1.0 స్కీమాలనే చూస్తుంది, మీకు అది చాలు.

ఆరోపం ట్యాగులో ఉన్న గుర్తు దగ్గర జాగ్రత్త. అది ఐడీ రకం (ఒక్కోదానికీ వేరుగా ఉండాల్సిన గుర్తింపు) అయితే అంకెతో మొదలు కాకూడదు, "0417" చెల్లదు, "ప0417" చెల్లుతుంది. మీ తమ్ముడు తెలిసే పెట్టారు. ట్యాగుల పేర్లలో, గుర్తుల్లో ఆ కనపడని అక్షరం పడకుండా చూసుకోండి. పేర్లలో దానికి అనుమతి 2008లో వచ్చిన ఎక్స్ఎంఎల్ 1.0 ఐదో ఎడిషన్‌లో ఇచ్చారు. అంతకు ముందు నియమాల ప్రకారం నడిచే పార్సర్లు ఇప్పటికీ ఉన్నాయి, అవి ఒప్పుకోవు. పదం లోపల ఎంతైనా ఉండొచ్చు, పేరులో మాత్రం వద్దు.

చిటికి పోరి (పోచంపల్లి)

అక్కా, నేను కంప్యూటర్ మనిషిని కాదు, మాది నేత ఇల్లు. "చిటికి కట్టడం" అన్న మాట చూసి ఆగిన. "చిటికికట్టు" అని మాత్రం చేయకు. మా దగ్గర కట్టు అంటే నూలు మీద రంగు ఎక్కకుండా చుట్టిన ఆ ముడి. సైకిల్ ట్యూబు రబ్బరు సన్నగా కోసి చుడతారు, అది కట్టు. కట్టడం అంటే ఆ పని. రంగులో ముంచి తీసినంక కట్టు విప్పుతారు, కట్టడాన్ని విప్పరు కదా. ఒక్క అక్షరం తీసేస్తే పనికి బదులు వస్తువు మిగులుతుంది. మీ దిక్కు తేలియా రుమాళ్లకు కూడా ఇదే పని కదా, మీ మామయ్యని అడుగు, ఆయన కూడా ఇదే చెప్తారు.

ఇంకొక మాట. నీ ఫైల్ల ఊరు అనేది ఆరోపానికి ఒకటి ఉన్నది. మరి ఒకే మాటకు మీ ఊళ్ల ఒక అర్థం, మా ఊళ్ల ఇంకొకటి ఉంటే ఎట్ల? ఆసు అనే మాటనే తీసుకో. మా అమ్మ ఆసు పోసేది. మేకుల చుట్టూ నూలు తిప్పుకుంటూ, ఒక చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ కదలాలె. రాత్రి భుజం నొప్పికి నిద్రపట్టేది కాదు ఆమెకు. చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసింది వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకనే. మా దగ్గర ఆసు అంటే ఆ పని, ఆ నొప్పి. మీ దగ్గర ఏమంటారో నాకు తెలియదు. రెండూ ఒకే ఆరోపంల పెట్టి కింద రెండు ఊళ్లు రాస్తే, ఏ అర్థం ఏ ఊరిదో ఎవరికి తెలుస్తుంది?

జాబితాల మా ఊరు కూడా లేదు. మా అమ్మ చెప్పే మాటలు నీకు పంపిస్తే ఎక్కిస్తావా?

కోణం బ్రాకెట్టు (చెన్నై)

పోచంపల్లి చెల్లెమ్మ చెప్పింది నాకు తట్టలేదు, అదే సరైనది. ఊరుని ఆరోపంలోంచి తీసి, అర్థానికి ఆట్రిబ్యూట్‌గా (గుర్తు లాగా, తెరిచే ట్యాగు లోపలే) ఇవ్వండి. అప్పుడు ప్రతి అర్థమూ తన ఊరిని వెంట తీసుకుపోతుంది. ఆట్రిబ్యూట్‌లకు వరుస ఉండదు కాబట్టి ఆ చిక్కు కూడా లేదు. స్కీమాలో మార్పు చిన్నదే, నేను రాసి ఇక్కడ పెడతాను.

క్రియ అయితే వాక్యం తప్పనిసరి అని పెట్టాలనిపించినా మీ స్కీమాతో కుదరదు. దానికి స్కీమాట్రాన్ అని వేరే నియమాల పద్ధతి ఉంది, అవసరం పడినప్పుడు చూద్దాం.

గుంటమగ్గం (చీరాల)

వారం తర్వాత రాస్తున్నాను, క్షమించండి. మీరు ఇచ్చిన స్కీమా వేసుకున్నాను. పాత కాపీ నుంచే మొదలుపెట్టాను. "పవర్‌లూమ్" పవర్‌లూమ్‌గానే ఉంది. "చిటికి కట్టడం" అలాగే ఉంది. మామయ్యని అడిగాను చెల్లీ, నువ్వు చెప్పినట్టే అన్నారు. పైగా "ఆ అమ్మాయి ఎవరు, నేత బాగా తెలిసినట్టుందే" అని అడిగారు. పోచంపల్లిని జాబితాలో చేర్చాను, మీ అమ్మగారి మాటలు తప్పకుండా పంపు.

వరుస తప్పినవి 41 ఉన్నాయి. ప్రింటు తీసుకుని టిక్కులు పెట్టుకుంటూ దిద్దాను. ఎందుకు తప్పాయో కూడా తెలిసింది. మామయ్య కొన్ని మాటలకు ముందు వాక్యం రాసి, అది రాశాక అర్థం తోచి రాశారు. నేను ఉన్నది ఉన్నట్టు కొట్టాను. ఊళ్లన్నీ ఖాళీల తోకలే. టోకెన్ పెట్టగానే ఒక్క దెబ్బకి పోయాయి.

అన్నీ అయ్యాక మిన్‌లెంగ్త్ 1 పెట్టాను. ఏడు తప్పులు వచ్చాయి. ఏడు మాటలకు అర్థం ఉత్తిగా ఉంది. నోటుపుస్తకం తీసి చూస్తే అక్కడా ఉత్తిదే, పదం రాసి పక్కన ఒక గీత గీసి వదిలేశారు. నేను ఆ గీతని ఏమని కొట్టాలో తెలియక ఖాళీ ట్యాగు పెట్టి ముందుకెళ్లిపోయాను, మర్చిపోయాను కూడా.

ఏడు మాటలూ ఒక కాగితం మీద రాసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. చిలప విప్పడం, కండెలు చుట్టడం, అచ్చు అతకడం (అచ్చు అంటే మగ్గంలో పడుగు పోగులు దూరే దువ్వెన లాంటిది), ఇంకో నాలుగు. చూసి, "ఇవన్నీ మీ అత్త పనులమ్మా. నేను పక్కన కూర్చుని చూసినవే గానీ చేత్తో చేసినవి కాదు. నేను రాస్తే తప్పవుతుంది, తనని అడిగి రాద్దామని గీత పెట్టా" అన్నారు. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నేను ఆ పనులు చూస్తూనే ఉన్నాను. ఏడూ ఆడవాళ్ల పనులేనని కాగితం మీద ఒకచోట రాసుకునేదాకా నాకు తట్టలేదు.

మా అత్తగారికి చదువు రాదు. అచ్చు అతకడం అంటే ఏమిటత్తయ్యా అంటే, మాటల్లో చెప్పలేక పెరట్లోంచి చిటికెడు బూడిద తెచ్చింది. రెండు నూలు పోగులు తీసుకుని, ఒకటి అయిపోయిన పడుగు, ఒకటి కొత్త పడుగు అనుకో అంది. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద రాసుకుని రెండు కొసల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి మెలిపెట్టింది. కళ్లు సరిగా కనపడవు ఆవిడకి, అయినా చూడకుండానే చేసింది. లాగి చూడు అని నా చేతికిచ్చింది. తెగలేదు. ఇలాంటివి వేల పోగులు, ఒక్కొక్కటీ విడిగా. ఆవిడ చెబుతుంటే పక్కనే కూర్చుని కొట్టాను, వాక్యం ఆవిడ అన్నది అన్నట్టే:

```
<ఆరోపం గుర్తు="అ0031">
  <పదం>అచ్చు అతకడం</పదం>
  <వర్గం>క్రియ</వర్గం>
  <అర్థం ఊరు="చీరాల">అయిపోయిన పడుగు కొసలకు
  కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి
  కలపడం. వేళ్లకు బూడిద రాసుకుంటారు.</అర్థం>
  <వాక్యం>ముడేస్తే అచ్చులో ఇరుక్కుంటది, మెలెయ్యాలి.</వాక్యం>
</ఆరోపం>
```

గీత రాలేదు. ఇంకా ఆరు ఉన్నాయి. రేపు మధ్యాహ్నం వంట పని అయ్యాక మళ్లీ కూర్చుందామంది అత్తయ్య.